పిన్నికి మెదడులో అన్యూరిజం పగిలింది, ఆరోగ్యశ్రీలో కాయిలింగ్ దొరుకుతుందా?

నల్గొండ_పిల్లోడు:
మా పిన్నికి 52 ఏళ్లు, బీపీ ఉంది కానీ గోలీలు సక్కగ వేసుకోదు. నిన్న పొద్దుగాల గిన్నెలు తోముతూ తల పగిలిపోతుందిరా అని కూలబడింది, వాంతులు, జిల్లా ఆసుపత్రిలో సీటీ తీస్తే మెదడు చుట్టూ రక్తం ఉందన్నరు, అట్నుంచే అంబులెన్సులో హైదరాబాద్ గవర్నమెంట్ హాస్పిటల్‌కి తెచ్చినం. యాంజియోలో రక్తనాళం మీద బుడగ కనబడింది, క్లిప్పింగ్ చేస్తమంటున్నరు. చుట్టాలేమో తల తెరవనియ్యకండి, కార్పొరేట్‌ల కాయిలింగ్ చేయించండి అంటున్నరు. తెల్ల కార్డు ఉంది. ఏం చేయాలె?

న్యూరో_సిస్టర్:
ముందు అక్కడి నుంచి కదిలించకండి తమ్ముడూ. మళ్లీ పగిలేది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే, రెండోసారి పగిలితే మనిషి దక్కడం కష్టం. కాయిలింగ్ అంటే తొడ దగ్గర్నుంచి సన్న ట్యూబు పంపి బుడగలో ప్లాటినం తీగ చుట్టలు నింపుతారు, క్లిప్పింగ్‌లో పుర్రె తెరిచి బుడగ మెడకి, అంటే అది రక్తనాళానికి అతుక్కున్న చోట, క్లిప్ వేస్తారు. ఈ రెండిటినీ పోల్చి 2002లో వచ్చిన ఐసాట్ స్టడీ ప్రకారం, ఏడాది తర్వాత చనిపోయినవాళ్లు, ఒకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి కాయిలింగ్‌లో దాదాపు 24 శాతం, క్లిప్పింగ్‌లో 31. కానీ అది రెండూ కుదిరే పేషెంట్ల లెక్క. బుడగ మెడ వెడల్పుగా ఉన్నా, మెదడులో పెద్ద రక్తపు గడ్డ ఉన్నా ఎక్కువగా క్లిప్పింగే చేస్తారు. "మా పిన్నికి కాయిలింగ్ ఎందుకు కుదరదు సార్" అని సూటిగా అడగండి, చెప్తారు.

కార్డుభాయ్:
ఆరోగ్యశ్రీలో రెండూ ఉన్నయ్ అన్నా, తెలంగాణలో లిమిట్ 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఆరోగ్యమిత్ర డెస్క్ కాడికి రేషన్ కార్డు, ఆధార్ పట్టుకొని ఇప్పుడే పో, ఎమర్జెన్సీ కేసుకి ఫోన్ మీద అప్రూవల్ తెస్తరు. కాయిలింగ్‌ల చుట్టలు ఎన్ని పడతయో ముందు తెల్వదు, ఎక్కువ పడితే ఎవరు కడతరో ముందే అడిగి పెట్టుకో. పైసలు తక్కువైతే సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి ఎల్ఓసీకి (ఖర్చు మేం కడతమని ఆసుపత్రికి ఇచ్చే లెటర్) ట్రై చేయొచ్చు, ఎమ్మెల్యే ఆఫీసుకి ఒకర్ని పంపు.

నల్గొండ_పిల్లోడు:
కుదరదట అక్కా, మెడ వెడల్పుంది అన్నరు. రేపు పొద్దున్నే క్లిప్పింగ్, అప్రూవల్ వచ్చింది. తర్వాత ఎన్ని రోజులుండాలె?

న్యూరో_సిస్టర్:
ఆపరేషన్ అయిందని ఇంటికి తొందరపడకండి, నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా రక్తనాళాలు బిగుసుకుపోయే టైం, అప్పుడే చెయ్యో మాటో పడిపోవచ్చు. ఆ నష్టం తగ్గించడానికి ఇచ్చే నిమోడిపిన్ గోలీ నాలుగు గంటలకోసారి 21 రోజులు, నిద్రలేపైనా వేయాలి. పక్కనుండే మనిషిని మార్చుకుంటూ ఉండండి, మాట తడబడినా మగతగా ఉన్నా వెంటనే సిస్టర్‌ని పిలవమనండి.