ఎముకల పరీక్షలో వయసు 17-19 అని వచ్చింది, జ్ఞానదంతాల ఎక్స్‌రేతో ఇంకా కచ్చితంగా తేలుతుందా?

మా పిన్ని కొడుకు ఓ కేసులో ఉన్నాడు, ఘటన రోజుకి 18 నిండలేదని నిరూపించాలి. బడికి పోలేదు, పుట్టింది ఇంట్లోనే. పంచాయతీ రిజిస్టర్‌లో పేరు లేదు, అంగన్‌వాడీ పాత పుస్తకాలూ దొరకలేదు. ఆధార్‌లో జనవరి 1 అని అంచనాగా వేసిన తేదీ ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోవట్లేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 ప్రకారం బడి సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్ రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష కాబట్టి మెడికల్ బోర్డుకి పంపారు, అదీ ఘటన జరిగిన ఏడు నెలలకి.

రిపోర్టులో మణికట్టు దగ్గర ఎముక పూర్తిగా అతుక్కుందని, తుంటి ఎముక పై అంచు ఇంకా పూర్తిగా అతుక్కోలేదని, 28 పళ్లున్నాయని, జ్ఞానదంతాలు ఒక్కటీ బయటికి రాలేదని ఉంది. అయితే పళ్లు నోరు తెరిపించి చూశారంతే, ఎక్స్‌రే తీయలేదు. పైకి రాకపోయినా లోపల వేరు ఎంతవరకు పెరిగిందో చూసి వయసు చెప్తారని చదివాను, లాయర్ గారికి దాని గురించి తెలియదు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

డెంటిస్టులు, ఫోరెన్సిక్ డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఇప్పుడు ఓపీజీ (దవడలు, పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే) తీయిస్తే ఈ రెండేళ్ల తేడా నిజంగా తగ్గుతుందా?