.308 హ్యాండీ రైఫిల్‌ని .30-06కి రీచాంబర్ చేయించొచ్చా?

ప్రశ్న: అన్నలూ, నేను టెక్సాస్‌లో ఆస్టిన్ బయట ఉంటాను. ఈమధ్య వాడిన హెచ్ అండ్ ఆర్ కంపెనీ హ్యాండీ రైఫిల్ ఒకటి కొన్నాను, .308 విన్‌చెస్టర్, మధ్యలో మడిచి ఒక్కో తూటా పెట్టుకునే రకం. చాంబర్ (తూటా కూర్చునే చోటు) అయిపోయి బ్యారెల్ గాడులు మొదలయ్యే చోట తుప్పు తిన్న గుంటలు కనిపిస్తున్నాయి. రేంజ్‌లో ఒకాయన ".308, .30-06 తూటాలు రెండూ 30 క్యాలిబరే కదా, బులెట్ లావు ఒకటే, చాంబర్‌ని .30-06కి తగ్గట్టు తొలిచే రీమర్ దింపించు, తుప్పూ పోతుంది, పవరూ పెరుగుతుంది" అన్నాడు. నిజమేనా? లేకపోతే బ్యారెలే మార్చాలా? కంపెనీకి పంపితే వాళ్లే మార్చిస్తారని ఎక్కడో చదివాను.

జవాబు: తమ్ముడూ, ఆయన చెప్పింది సగమే. రీమర్ ఇనుమును తీయగలదు గానీ పెట్టలేదు, కాబట్టి కొత్త చాంబర్ పాతదాన్ని అన్ని వైపులా పూర్తిగా మింగేయాలి. పొడవులో ఇబ్బంది లేదు, .308 కేసు (తూటా ఇత్తడి గొట్టం) 2.015 అంగుళాలు, .30-06ది 2.494. చిక్కంతా లావులో ఉంది. .308 కేసు భుజం (మెడ కోసం ఒక్కసారిగా సన్నబడే చోటు) దాకా దాదాపు నిటారుగా వస్తుంది, అక్కడ దాని లావు 0.454 అంగుళం. .30-06 కేసు ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది, అదే చోట లెక్కేస్తే 0.447 దగ్గర తేలుతుంది. అంటే పాత భుజం ఉన్న చోట రీమర్ గోడకు తగలనే తగలదు, చుట్టూ వడ్డాణంలా ఒక గాడి మిగిలిపోతుంది, పేల్చిన ప్రతిసారీ ఇత్తడి అందులోకి ఉబ్బుతుంది. ఖాళీ కేసు బిగుసుకోవచ్చు, రీలోడింగ్ చేసేవాళ్లైతే (ఖాళీ కేసులు మళ్లీ నింపి వాడేవాళ్లు) ఆ ఇత్తడిని ఇక నమ్మలేరు.

.30-06 యాక్లీ ఇంప్రూవ్డ్ (.30-06లోనే మార్పు చేసిన రకం) రీమర్ అయితే దాని గోడలు నిటారు కాబట్టి ఆ గాడిని కూడా తీసేస్తుంది. కానీ ఎందుకంత కష్టం? 165 గ్రెయిన్ల బరువున్న బులెట్‌తో ఫ్యాక్టరీ తూటాలు .308లో సెకనుకు 2,700 అడుగులు, .30-06లో 2,800 అడుగుల చొప్పున వెళ్తాయి. ఆ వంద అడుగుల తేడా వేటలో అడవి పందికి తెలియదు.

ఇక తుప్పు సంగతి. రీమర్ సుమారు అరంగుళం ముందుకు పోతుంది, అంతవరకే శుభ్రం. ఆపైన గుంటలుంటే అవి అక్కడే ఉంటాయి. ముందు రాగి మడ్డి అంతా కడిగి, బోర్ స్కోప్‌ (బ్యారెల్‌లోకి దూర్చే చిన్న కెమెరా)తో లోపల చూసి, కాగితం మీద కాల్చి గ్రూప్ చూడు, అంటే గుండ్లు ఎంత దగ్గర దగ్గరగా పడుతున్నాయో. కొద్దిపాటి గుంటలున్నా చక్కగా కాల్చే బ్యారెళ్లు చాలా ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు: గ్రూప్ బాగా రాకపోతే? ఇంకో బ్యారెల్ కొని తగిలించేయొచ్చా?

జవాబు: తగిలించేయడం కుదరదు. హ్యాండీ రైఫిల్ తయారీ 2015లోనే ఆగిపోయింది, ఫ్రేమ్ (బ్యారెల్ బిగించే తుపాకీ మొండెం) కంపెనీకి పంపితే బ్యారెల్ ఫిట్ చేసిచ్చే రోజులు పోయాయి. థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్ అనే ఇలాంటి తుపాకీలో పిన్ను తీసి బ్యారెల్ మార్చుకున్నంత తేలిక కాదు ఇది. వాడిన బ్యారెల్ దొరికినా, కింద ఉండే లగ్ (ఇనుప దిమ్మ) నీ ఫ్రేమ్‌లో సరిగ్గా కూర్చోవాలి, మూసినప్పుడు పట్టుకునే లాచ్ పూర్తిగా పట్టాలి, తర్వాత గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) గో, నో-గో అనే కొలత గేజ్‌లతో హెడ్‌స్పేస్, అంటే చాంబర్‌లో తూటాకి వెనక ఉండే సందు, సరిపోయిందో చూడాలి. ఇంట్లో ఆకురాయి పట్టుకుని మొదలుపెట్టకు.

ఇంకో దారి ఉంది. పాత బ్యారెల్‌ను వెనక ముక్క మిగిలేలా కోసి, ఆ ముక్కకి మరలు తీసి కొత్త బ్యారెల్ బిగిస్తారు. మంచి పనివాడు చేస్తే గట్టిగా ఉంటుంది, ఖర్చు మాత్రం తుపాకీ ధరను దాటే అవకాశం ఉంది. అలాంటప్పుడు హెన్రీ సింగిల్ షాట్ .308 కొనుక్కోవడం నయం అని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముందు ఫ్రేమ్ చూపించు. షాట్‌గన్లకి వాడిన ఎస్‌బి1 ఫ్రేమ్ వేరు, రైఫిళ్లకి వాడిన ఎస్‌బి2 వేరు. .308 ఒత్తిడి పరిమితి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అది ఎస్‌బి1 మీద పెట్టే బరువు కాదు. ఫ్యాక్టరీ నుంచి .308గా వచ్చిందైతే ఎస్‌బి2నే, కానీ వాడిన సరుకు కదా, మధ్యలో ఎవరైనా జత కలిపారేమో ఎవరికి తెలుసు.

ఇంకొకరు: మధ్యలో దూరుతున్నా, సారీ. నేను హెచ్1బి మీద ఉన్నాను. బ్యారెల్‌కి ఏ కాగితాలూ అక్కర్లేదంటారు, నిజమేనా?

జవాబు: ఫెడరల్ చట్టం లెక్కలో తుపాకీ అంటే ఫ్రేమే, విడి బ్యారెల్ మామూలు వస్తువులాగే కొనొచ్చు. 16 అంగుళాలకు తక్కువ బ్యారెల్ రైఫిల్‌కి బిగిస్తే మాత్రం అది వేరే చట్టం కిందకి పోతుంది, ఆ జోలికి పోకండి. మీకు అసలు ప్రశ్న బ్యారెల్ కాదండీ. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నిషేధం, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి సొంతదారు ఒప్పుకుంటే ప్రైవేట్ భూముల్లో అడవి పందుల వేటకి లైసెన్స్ అక్కర్లేదు, అది చూసి లైసెన్స్ తీసుకోరు. రాష్ట్రం అడగకపోయినా ఫెడరల్ మినహాయింపు కోసం మీకది ఉండాలి. ఏటా ఆగస్టు 31తో గడువు ముగుస్తుంది, మర్చిపోవద్దు. వీసా విషయం కాబట్టి లాయర్‌ని కూడా అడగండి.

ప్రశ్న అడిగినవారు: నాది గ్రీన్ కార్డ్, ఆ గొడవ లేదు. రీచాంబర్ ఆలోచన మానేశా అన్నా. బోర్ స్కోప్ తెప్పిస్తున్నా, ఫొటోలు ఇక్కడే పెడతా. దగ్గర్లో గన్‌స్మిత్ లేకపోతే రైఫిల్ పార్సిల్ పంపొచ్చా?

జవాబు: లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కైతే నేరుగా పంపొచ్చు, బాగు చేసి తిరిగి నీకే పంపుతాడు. తూటాలు అందులో పెట్టకు. ఫొటోల్లో ఫ్రేమ్ మీది ముద్రలు, లాచ్ పట్టే చోటు కూడా తియ్యి.