అప్‌డేట్: జలుబుతో అండమాన్‌లో స్కూబా

జలుబు చేసింది, ఈత రాదు, డైవ్ అయిన మర్నాడు పొద్దున్నే విమానం. గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగవచ్చా అని అడిగాను కదా. ముక్కు తేలికపడేదాకా ఆగమని ఎక్కువమంది చెప్పారు. ఆగాను. టికెట్ మార్పుకు డబ్బు వదిలింది, అయినా బాధ లేదు.

హేవ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, నీమో రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గర దిగాను. ఈత రానివారికి శిక్షకుడు వెన్నంటే ఉంటాడు, 12 మీటర్లు దాటనివ్వడు. కాస్త దిగగానే చెవులు బిగుసుకున్నాయి. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే టప్పున తెరుచుకున్నాయి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. ముక్కు దిబ్బడతో ఇలా చెవులు తెరవడం జరిగే పని కాదు. ఊపిరి బిగబట్టవద్దని మాత్రం పదే పదే చెప్పారు. పైకి వచ్చేటప్పుడు గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉందట.

ఇక క్లౌన్ చేప! అనిమోన్ అనే సముద్రజీవి పోగుల్లో దాక్కుంటుందనుకుంటే, నేరుగా నా మాస్కు అద్దం మీదికే దూసుకొచ్చింది. వేలెడంత లేదు, పౌరుషం పందెంకోడిది.

విమానం సంగతి: ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, అంతకు మించితే 18 గంటలు ఆగాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి. నేను పూర్తిగా ఒక రోజు ఆగాను.

ఉబ్బసం గురించి అడిగినవారికి: ముందుగా ఆరోగ్య వివరాల ఫారం ఇస్తారు. దాచకుండా రాయండి, డాక్టరు అనుమతి పత్రం మీ ఊరి నుంచే తీసుకెళ్లండి.