అంతోనివారికి, పోయిన వస్తువులకి ఏంటండీ సంబంధం?

రాజోలు కుర్రోడు: మొన్న మా పిన్ని ముక్కుపుడక కొబ్బరి డొక్కల కుప్పలో జారిపోయింది. వెతికి వెతికి విసుగొస్తే, ఇటలీలోని పదువా ఊరి పేరుతో పిలిచే క్యాథలిక్ పునీతుడు, పదువాపురి అంతోనివారికి మొక్కుకోమంది మా అమ్మమ్మ. సాయంత్రానికి పీచులో చిక్కుకుని కనబడింది! ఇప్పుడు మంగళవారం గుడి దగ్గర రొట్టెలు పంచాలట. మంగళవారమే ఎందుకు, రొట్టెలే ఎందుకు? క్యాలెండర్లో జనవరి 17న ఒక అంతోని, జూన్ 13న ఇంకో అంతోని ఉన్నారు, ఇద్దరూ ఒకరేనా?

లంకపిల్ల: కాదండీ. జనవరి ఆయన ఈజిప్టు ఎడారి ముని, బొమ్మలో పక్కన పంది ఉంటుంది. చేతిలో బాలయేసు, లిల్లీ పువ్వు ఉంటే జూన్ ఆయన. ఈయన పదువాలో పుట్టలేదు, 1195లో లిస్బన్‌లో పుట్టారు, అసలు పేరు ఫెర్నాండో. మొరాకోలో చంపేసిన అయిదుగురు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల అవశేషాలు పోర్చుగల్ తెచ్చాక కదిలిపోయి, 1220లో ఆ సన్యాసుల సంఘంలోనే చేరి, ఆ ఎడారి ముని పేరే పెట్టుకున్నారు. ఇక వస్తువుల సంగతంటారా, ఆయన సొంతంగా నోట్సు రాసుకున్న కీర్తనల పుస్తకాన్ని ఒక కుర్ర సన్యాసి ఎత్తుకుపోతే ఈయన ప్రార్థించారట, వాడు తిరిగొచ్చి ఇచ్చేశాడట. అచ్చుయంత్రం లేని రోజులు, పుస్తకం పోతే మళ్ళీ చేత్తో రాసుకోవడమే. 1231 జూన్ 13న పోయారు, సమాధి చేసింది మంగళవారం. రొట్టెల కథ మన తులాభారం లాంటిదే: నీళ్ళలో పడి చనిపోయిన బిడ్డ బతికితే, బిడ్డ ఎత్తు ధాన్యం పేదలకిస్తానని తల్లి మొక్కుకుందట.

అంతర్వేది వలగాడు: ఇటలీలోని రిమినీ ఊళ్ళో జనం వినకపోతే చేపలకి ప్రసంగం చెప్పారంటారు, తలలు పైకెత్తి విన్నాయట. మా వలలో పడేవే గానీ వినేవి నేనైతే చూళ్ళేదు 😄

కౌలు రైతు: మా నాన్న పర్సు మూడు మంగళవారాలు మొక్కినా దొరకలేదు, అది వేరే సంగతి. నాకు కోపమేంటంటే, ఈయన్ని తాళంచెవులు వెతికిపెట్టే మనిషిని చేసేశారు. పదువాలో అప్పు తీర్చలేనివాళ్ళని జైల్లో పడేసేవారు. ఈయన పట్టుబట్టి అడిగితే 1231 మార్చిలో ఆ ఊరు చట్టం మార్చింది, ఉన్న ఆస్తి అప్పజెప్పేస్తే ఇక జైలు లేదని. మా విచారణ (పారిష్) పండగ ప్రసంగంలో ఈ ముక్క ఒక్కసారీ వినలేదు. వడ్డీకి తెచ్చి నాట్లేసేవాళ్ళకి ముక్కుపుడక కంటే ఇది దగ్గర కాదా?

రాజోలు కుర్రోడు: ఇది నాకు తెలీదండీ, అమ్మమ్మకి చెప్తే ఆవిడకీ తెలీదు. బేకరీలో బన్నులు చెప్పేశాం. పిన్ని మాత్రం ముక్కుపుడక తీసి బీరువాలో పెట్టేసింది.