అవెంజర్స్‌కు ముందు నాన్నకు ఏ సినిమా చూపించాలి?

2012 నాటి సూపర్‌హీరోల సినిమా ‘ది అవెంజర్స్’ చూపించబోతే నాన్న అరగంటకే లేచిపోయారు. విలన్ లోకికి అన్న థోర్ మీద ఎందుకంత పగో, టెసరాక్ట్ అనే ఆ నీలి శక్తి ఘనం ఎక్కడిదో అంతుపట్టలేదట. మధ్యలో ఆపి వివరిస్తే ఇంకా విసుక్కున్నారు. తర్వాత 2008 నాటి ‘ఐరన్ మ్యాన్’ పెట్టాను. టోనీ స్టార్క్ వెటకారానికి పడిపోయారు గానీ, అందులో ఈ రెండింటి ఊసే లేదు. హల్క్ సినిమా వద్దనుకున్నాను, అవెంజర్స్‌లో హల్క్‌గా వేసిన నటుడు వేరు.

అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కే మనిషికి సినిమాల దగ్గర మాత్రం ఓపిక తక్కువ, ఇంకొక్కటే చూస్తానన్నారు. పౌరాణికాలంటే ప్రాణం కాబట్టి అన్నదమ్ముల పోరున్న ‘థోర్’ సరిపోతుందనిపిస్తోంది. కానీ టెసరాక్ట్ కథ ‘కెప్టెన్ అమెరికా: ది ఫస్ట్ అవెంజర్’లో ఉంది. రెండూ 2011వే. వీటిలో ఏది చూస్తే ఆయనకు అవెంజర్స్ అర్థమవుతుంది?