కార్బైడ్ జా ప్లేటు మన క్రషర్లకు పనికొస్తుందా?

దేవరకొండరోడ్_క్రషర్: నాది చిన్న క్రషర్. రాయిని నలిపే దవడ పలక, అదే మాంగనీస్ ఉక్కు జా ప్లేటు, మాటిమాటికీ అరిగిపోతోంది. పోతలోనే టైటానియం కార్బైడ్ కడ్డీలు దిగిన ప్లేటు కొనమంటున్నారు. ధర బాగా ఎక్కువ. ఎవరైనా వాడారా?

మెటలర్జీ_తమ్ముడు: కొనండన్నా. ఉక్కు దెబ్బ తట్టుకుంటుంది, కార్బైడ్ అరుగుదలను ఆపుతుంది. చిక్కంతా పోతలోనే. కార్బైడ్ సాంద్రత 4.9, ఉక్కుది 7.8. కరిగిన ఉక్కులో పొడి కలిపితే పైకి తేలుతుంది. అందుకని టైటానియం, కార్బన్ పొడులు ముద్దచేసి అచ్చులో పెడతారు. ఉక్కు పోయగానే ఆ వేడికి అక్కడే కార్బైడ్ పుడుతుంది.

మిర్యాలగూడ_మిల్లు: అరిగాక తుక్కు కింద ఎంతకు పోతుంది?

వెల్డర్_కాక: మాంగనీస్ ఉక్కు 1882లో ఇంగ్లండు లోహవేత్త హ్యాడ్‌ఫీల్డ్ చేసింది. గట్టిదనం కొలిచే బ్రినెల్ లెక్కలో 200తో మొదలై, దెబ్బలు తిని పైపొర 500 దాకా గట్టిపడుతుంది. ఉక్కులో కార్బైడ్ కలిసిన మీ కాంపోజిట్ నేనూ చూశా. పోయినేడు ఒక ఫౌండ్రీ ప్లేటు బిగిస్తే పదకొండో రోజు కడ్డీ చుట్టూ పగిలింది. సందులో గోరు దూరింది, నల్లపొడి వేలికంటింది. ఓనరేమో బోల్టు సరిగా బిగించలేదని నన్ను తిట్టాడు.

మెటలర్జీ_తమ్ముడు: పొడి మిగిలిందంటే కార్బైడే పుట్టలేదు కాకా. తప్పు పోతలో ఉంది. మాంగనీస్ గట్టిపడాలన్నా గట్టి దెబ్బ పడాలి, ఉత్త రాపిడికి మెత్తగానే అరుగుతుంది.

మిర్యాలగూడ_మిల్లు: తుక్కు రేటు అడిగాను.

వెల్డర్_కాక: తప్పు పోతలో, తిట్లు నాకు! ల్యాబులో కూర్చుంటే అన్నీ కుదురుతాయి.

మెటలర్జీ_తమ్ముడు: మీరు అరిగిన చోట పేర్చే క్రోమ్ కార్బైడ్ వెల్డింగ్ రాడ్ ఏమిటి మరి? అదీ ఇనుములో కార్బైడే. ఇన్నేళ్లూ మీరు చేస్తున్నదే కదా, ఎందుకీ కోపం?

వెల్డర్_కాక: ఎందుకా? వారంలో రెండు రాత్రులు ఆ పేర్చే పనితోనే నా ఇల్లు గడుస్తోంది. ప్లేటు అరగకపోతే నన్ను పిలిచేదెవరు? పగిలితే మాత్రం మొదటి ఫోను నాకే.

గుట్టకింద_రైతు: దుమ్ము తగ్గించే ప్లేటుంటే చెప్పండి.

దేవరకొండరోడ్_క్రషర్: కాకా, ఒక్క జత తెప్పిస్తున్నా. పగిలితే మార్చివ్వాలని ఫౌండ్రీతో రాయించుకుంటా. బిగించేది మాత్రం నువ్వే.

వెల్డర్_కాక: వస్తా. లారీ దిగగానే సుత్తితో కొట్టి చూడు. గంటలా మోగాలి. బొంగురుగా పలికితే దించకుండానే వెనక్కి పంపు.

మిర్యాలగూడ_మిల్లు: దిగాక దించకుండా ఎలా కాకా?