ఈడీడీ (కాన్పు అంచనా తేదీ) ఏది రాయాలి: ఎల్‌ఎంపీ (చివరి నెలసరి మొదటి రోజు) లెక్కన వచ్చిన తేదీయా, మొదటి స్కాన్ చెప్పిన తేదీయా?

కొత్తకార్డు:
ఎల్‌ఎంపీ 2025 జనవరి 10. ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డులో ఈడీడీ అక్టోబరు 17 అని రాసి ఉంది. మొదటి స్కాన్ మార్చి 15న. ఎల్‌ఎంపీ లెక్కన ఆ రోజుకు 9 వారాల 1 రోజు. స్కాన్‌లో సీఆర్‌ఎల్ (బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు) 16 మి.మీ., అంటే 8 వారాలు. రిపోర్టులో ఈడీడీ అక్టోబరు 25. కార్డులో ఏది ఉంచాలి?

స్కాన్‌గది:
అక్టోబరు 25. మొదటి మూడు నెలల్లో పిల్లలందరూ దాదాపు ఒకే తీరుగా ఎదుగుతారు, అందుకే అప్పటి కొలత అంత నమ్మకం. ఏసీఓజీ (అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం) హద్దు ప్రకారం 9 వారాలలోపు 5 రోజులకు మించి, 9 నుంచి 14 వారాలలోపు 7 రోజులకు మించి తేడా వస్తే స్కాన్ తేదీకి మారాలి. ఇక్కడ 8.

పల్లెబాట:
హద్దు దాటింది ఒక్క రోజు. దానికోసం ఆమె చెప్పిన తేదీ కొట్టేస్తారా? బిడ్డ ముడుచుకుని ఉన్నప్పుడు కొలిస్తే 2 మి.మీ. తగ్గడం ఎంతసేపు? ఆ వయసులో రోజుకు సుమారు 1 మి.మీ. ఎదుగుదల. 18 మి.మీ. అయితే తేడా 6 రోజులే, ఎల్‌ఎంపీయే నిలబడుతుంది.

లెక్కలమాస్టారు:
అసలు ఈడీడీకి అందరూ చేసేట్టు ఎల్‌ఎంపీకి 9 నెలల 7 రోజులు కలపడమే తప్పండీ. కావాల్సింది 280 రోజులు. జనవరి 10కి కలిపితే సరిగ్గా కుదురుతుంది. మే 10కి కలిపి చూడండి, ఫిబ్రవరి 17 వస్తుంది, అంటే 283 రోజులు. రావాల్సింది ఫిబ్రవరి 14. మధ్యలో ఫిబ్రవరి పడని లెక్కలో 31 రోజుల నెలలు ఎక్కువ దొర్లుతాయి.

స్కాన్‌గది:
మాస్టారూ, ఇక్కడ ఎల్‌ఎంపీ జనవరి. ఆ మూడు రోజుల గొడవ లేదు.

పల్లెబాట గారూ, మీరన్న పొరపాటు జరుగుతుంది, కాదనను. అందుకే బిడ్డ మెడ వంచకుండా, మరీ వెనక్కి వాల్చకుండా నిలువుగా దొరికేదాకా ఆగాలి. తల కొస నుంచి పిరుదుల కొసకు గీత. కాళ్లు, యోక్‌శాక్ (బిడ్డ పక్కన కనిపించే చిన్న సంచి) అందులో కలవకూడదు, కలిస్తే కొలత పెరుగుతుంది. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. రిపోర్టుతో ఫొటో ఉంటుంది, చూడండి. కొలత బాగాలేకపోతే వారం తర్వాత మళ్లీ తీయించమనండి. అంతేగానీ ఊహించుకుని 2 మి.మీ. కలిపేయకండి.

అమ్మలఅరుగు:
ఐవీఎఫ్ అయితే ఈ తగవే లేదు. 5వ రోజు పిండం పెడితే పెట్టిన రోజుకు 261 కలపాలి, 3వ రోజుదైతే 263.

పల్లెబాట:
ఫొటో సంగతి సరే. మా దగ్గరికొచ్చే రిపోర్టుల్లో ఒక్కో స్కాన్‌కు ఒక్కో ఈడీడీ! మూడో నెలలో ఒకటి, అయిదో నెలలో ఒకటి, ఎనిమిదో నెలలో ఇంకోటి. చివరి కాగితం మీదున్నదే నిజమని ఇంటిల్లిపాదీ పట్టుకుంటారు. మిషన్ మాట నమ్మమనేది దీన్నేనా?

స్కాన్‌గది:
నమ్మమన్నది మొదటి స్కాన్‌ను! ఎనిమిదో నెలలో మిషన్ వేసే తేదీ ఆనాటి బిడ్డ సైజును బట్టి వేసేది. సీఆర్‌ఎల్ 84 మి.మీ. దాటాక దాంతో వయసు కట్టరు, తల కొలతకు వెళ్తారు. 28 వారాల తర్వాతైతే 21 రోజులకు మించి తేడా ఉంటే తప్ప మార్పు మాటే లేదు. తొలి స్కాన్‌తో ఖాయమైన తేదీని అప్పుడు జరిపితే, ఎదుగుదల ఆగిన బిడ్డను "వయసు తక్కువ"ని సరిపెట్టేసినట్టే. ఇక మీ వైపు చూడండి. ఎల్‌ఎంపీ రాసేటప్పుడు నెలసరి ఎన్ని రోజులకు వస్తుందని అడగనే అడగరు!

పల్లెబాట:
"సంక్రాంతికి ముందా, తర్వాతా? భోగి నాడు తలంటుకున్నావా?" అని అడిగి అడిగి తేదీ రాబట్టేది మేము. ఏసీ గదిలో కూర్చుని మా మీద పడకండి.

లెక్కలమాస్టారు:
ఈడీడీ చూసే అట్ట చక్రాలు కూడా ఒకదానికొకటి రెండు మూడు రోజులు తేడా చూపిస్తాయి. రోజులే లెక్కపెట్టాలి.

ముహూర్తాలు:
ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టించేది ఈ తేదీ చూసే. అక్టోబరు 10 మంచిరోజని చేసేస్తే ఎల్‌ఎంపీ లెక్కన 39 వారాలు, స్కాన్ లెక్కన 37 వారాల 6 రోజులు. 39 నిండకుండా కోస్తే ఊపిరి ఇబ్బందితో బిడ్డ గాజుపెట్టెలోకి వెళ్లే ముప్పు ఎక్కువ.

కొత్తకార్డు:
ఇప్పుడే అడిగాను. ఆమెకు నెలసరి 35 రోజులకు వస్తుందట, ఎప్పుడూ అంతేనట.

పల్లెబాట:
అదిగో! 280 లెక్క 28 రోజుల నెలసరికి, 14వ రోజు అండం విడుదలకు. 35 అయితే 7 కలపాలి. అక్టోబరు 24. స్కాన్‌కు ఒక్క రోజే తేడా. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నా బాధంతా అదే, తేదీ మార్చిన ప్రతిసారీ "నీకు గుర్తులేదులే" అంటారు.

స్కాన్‌గది:
ఆ మాట అనడం తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ కార్డులో ఒక్క ఈడీడీయే ఉండాలి. 17 అలాగే ఉంటే అక్టోబరు 24కు 41 వారాలని నొప్పుల డ్రిప్ పెడతారు. స్కాన్ లెక్కన ఆ రోజుకు 39 వారాల 6 రోజులే.

పల్లెబాట:
25 రాయండి. 17ను మాత్రం కొట్టేయొద్దు, పక్కన "నెలసరి 35 రోజులకు" అని రాస్తే చాలు.

స్కాన్‌గది:
ఎల్‌ఎంపీ జనవరి 10 ఉంచండి, 35 రోజులన్నదీ రాయండి. 17ను అడ్డంగా ఒక గీత గీసి కొట్టేసి, మార్చిన తేదీ వేసి సంతకం పెట్టాలి. రెండు ఈడీడీలు కనబడితే రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ముందున్నదే చూస్తారు.

పల్లెబాట:
గీత కింద 17 చదవడానికి కనబడాలి. వైట్‌నర్ పూస్తే ఒప్పుకోను.